మాట రాకపోతే పరచరాదు

అక్టోబరు 7

ఈ పుస్తకానికి తాళం అక్కరలేదు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, చదవగలిగేది మాత్రం నేనొక్కతెనే. నా కొడుకు మోహన్‌రాజ్ తెరిచి చూసినా వాడికి ముగ్గుల పుస్తకంలా కనిపిస్తుంది. నేనే వాణ్ణి తమిళ బడిలో వేశాను. ఆ సంగతి ఇప్పుడెందుకు.

కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. ఈరోజు జరిగినదాంట్లో తప్పు నాది కాదు.

తెల్లవారి ఏటి ఇసుకలో నేతవాళ్ళు పడుగులు, మగ్గానికెక్కించే నిలువు నూలు, పరిచి గంజి పట్టిస్తున్నారు. పైన ఆనకట్ట నుంచి నీళ్ళొస్తున్నాయని లాప్‌టాప్‌లో నేను రాసిన ప్రోగ్రాం నేతవాళ్ళ ఫోను గుంపులో అందరికీ మెసేజ్ పంపింది. అందరూ పరుగులు పెట్టి పడుగులు తడితడిగా చుట్టేశారు. నీళ్ళు రాలేదు. చుక్క కూడా రాలేదు.

తడిగంజితో చుట్టిన పడుగు ఏమవుతుందో ఎవరూ నాకు చెప్పనక్కరలేదు. నేను ఆ ఇసుకలో పెరిగినదాన్నే. పోగుకు పోగు అంటుకుని చాపలా బిగుసుకుపోతుంది. మిగతావాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు గనక బయటపడ్డారు. అమ్మణి పడుగు పూర్తిగా గంజి తాగి ఉంది. దీపావళి లుంగీల పడుగు.

అమ్మణి మా అంగడి ముందుకొచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"టీచరమ్మా," అంది. ఇద్దరం గౌన్లు వేసుకున్న నాటి నుంచి నన్ను పంకజా అని తప్ప పిలవని మనిషి. "టీచరమ్మా, నీళ్ళు యాడ? చూపించు. చెంబులో పట్టుకోని పోతా."

లుంగీలు బేరమాడుతున్నవాళ్ళు నవ్వారు.

"ఆనకట్ట నుంచి జవాబు రాలేదే," అన్నాను. "పై నుంచి మాట రాకపోతే ప్రమాదమనే కదా మన పెద్దోళ్ళు చెప్పినారు."

"మాట రాకపోతే పావు పరచొద్దు అన్నారు. పరిచిన పావును పెరికేయమన్నారా?"

పావు అంటే పడుగే, మా ఊరి మాట. అమ్మణి ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. ఆ క్షణాన తోచలేదు, అంతే.

అక్టోబరు 8

జవాబు ఇంకా తోచలేదు. తోస్తుంది.

మోహన్‌రాజ్ రాత్రి అన్నం ముందు కూర్చుని, తినకుండా మొదలుపెట్టాడు. "అమ్మా, బజార్లో తలెత్తుకోలేకుండా ఉండా. అంగడికి వచ్చేటోళ్ళంతా 'నీళ్ళొచ్చినాయా' అని అడగతా ఉండారు. ఆ లాప్‌టాప్ మన గౌతమికి ఇచ్చేయ్. నీకు ఎందుకీ పని?"

"నువ్వు లుంగీ అమ్ము. నేను అడగాల్సింది అడుగుతా."

"ఎవుర్ని?"

"నీకు తెలీదులే, తిను."

తినకుండానే లేచాడు. పెద్దవాళ్ళ ముందు కంచం వదిలి లేచే అలవాటు మా ఇంట్లో ఎన్నడూ లేదు. లాప్‌టాప్ నా బీరువాలో ఉంది. తాళంచెవి నా నడుముకు ఉంది.

అక్టోబరు 9

అమ్మణి కోడలు పుష్పవతి పాడైన పడుగును తలమీద మోసుకొచ్చి అంగడి మెట్ల మీద పడేసింది. "అవ్వా, దీన్ని నీ మెషీన్‌కు చుట్టుకో, చలికాలం వస్తా ఉండాది," అని వెళ్ళిపోయింది. పిల్ల నోరు మంచిది. బళ్ళో అయితే నిలబెట్టేదాన్ని.

పడుగును మేడ గదిలోకి మోయించాను. మెట్ల మీద ఉంటే అడ్డం.

అక్టోబరు 10

మధ్యాహ్నం ఆ పడుగు కొస పట్టుకుని కాసేపు పోగులు విడదీశాను. తడిగుడ్డతో అద్ది, గోటితో చీల్చి, ఒక్కొక్కటిగా. టైపు చేసేవాళ్ళకు వేళ్ళు బిగుసుకోకూడదు. అందుకోసం.

అక్టోబరు 13

ఈరోజు పని తక్కువ. ఈ వ్యవహారం ఎలా మొదలైందో రాసి పెట్టుకుంటాను. రేపు ఎవరైనా ఈ ముసలమ్మకు ఎందుకొచ్చిన పిచ్చి అంటే, జవాబు తయారుగా ఉండాలి.

మా అన్న కుప్పుస్వామి ఏటికి పైన, ఆనకట్ట పక్కన పొలం చేసుకునేవాడు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే నీళ్ళు చప్పుడు లేకుండా వస్తాయి. అందుకని ఇసుకలో పడుగు దించే ముందు పై నుంచి మాట రావాలి. మా తాత కాలంలో సైకిలు మీద మనిషి వచ్చేవాడట. అన్న కాలంలో ఫోను. తెల్లవారగానే అమ్మణి చేసేది. "అన్నా, మాట వచ్చినాదా?" అన్న వెళ్ళి ఏరు చూసి వచ్చి చెప్పేవాడు. "ఇసక పొడిగా ఉండాది. దించండి." ఆ రెండు ముక్కలే, ఎప్పుడూ అవే. మాట రాకపోతే ఎవరూ పరచరు. అది రివాజు.

వేసవిలో అన్న పోయాడు. పొలం కౌలుకు వెళ్ళింది. మాట ఆగిపోయింది. నేతవాళ్ళు ఆకాశం చూసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని పరచడం మొదలుపెట్టారు.

ఆనకట్ట నీటిమట్టం చూపే పేజీ ఒకటి ఉందని గౌతమి ఫోనులో చూపించింది. నా మనవరాలు, వేలూరులో ఇంజనీరింగు చదువుతోంది. "రోజూ నువ్వు తెరిచి చూడనక్కర్లే అవ్వా, ప్రోగ్రామే అడిగి చెప్తాది," అంది. చిన్న లైబ్రరీ ఒకటి నేర్పింది. ఎవరో రాసి పెట్టిన పనుల మూట అది. చిరునామా ఇస్తే చాలు, మన తరఫున వెళ్ళి తలుపు తట్టి, అడిగి, వచ్చిన జవాబును చేతిలో పెడుతుంది. జవాబుతో పాటు ఒక అంకె ఇస్తుంది. 200 అంటే మాట వచ్చిందని. తర్వాత ఇంకో చిరునామాకు మన మెసేజ్ పట్టుకెళ్ళి ఇస్తే అది గుంపులో అందరికీ చేరుతుంది. మొత్తం కలిపి ఒక పేజీ కూడా లేదు. ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పినదాన్ని. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

నేను రాసిన లెక్క ఇది. మట్టం పెరిగితే హెచ్చరించు. జవాబు రాకపోతే మళ్ళీ అడుగు. మూడుసార్లు అడిగినా రాకపోతే ప్రమాదమే, హెచ్చరించు. మాట రాకపోతే పరచరాదు కదా. పెద్దల రివాజునే రాశాను.

అన్న పోయినందుకు బెంగపెట్టుకుని ఇందులో పడ్డానని మోహన్‌రాజ్ అంటాడు. కాదు. పని ఆగిపోయింది, ఎవరో ఒకరు చెయ్యాలి.

అక్టోబరు 14

వేళ్ళకు పని. గజం కూడా విడలేదు.

అక్టోబరు 16

వేలూరు వెళ్ళొచ్చాను. లాప్‌టాప్‌ను నాలుగు లుంగీల మధ్య మూటకట్టుకున్నాను. "ఎవురికమ్మా లుంగీలు?" అని మోహన్‌రాజ్ అడిగితే "కావలసినవాళ్ళకు" అన్నాను. అబద్ధం కాదు. బస్సు కే.వి.కుప్పం సంతలో ఇరుక్కుని చాలాసేపు కదల్లేదు. ఒళ్ళో మూటను పసిపిల్లలా పట్టుకుని కూర్చున్నాను.

గౌతమి గదిలో కుర్చీ నిండా బట్టలు. ముందు అవి మడత పెట్టించాను. తర్వాత ప్రోగ్రాం తెరిచింది.

"అవ్వా, ఆ పొద్దు వచ్చిన జవాబు చదివినావా?"

"జవాబే రాలేదు."

"వచ్చిండాది. ఇద్దో చూడు. 429."

"200 కాదు కదా. 200 కాకపోతే రానట్టే అని రాశాను."

"రానట్టు కాదవ్వా. 'నువ్వు శానా తూర్లు అడిగినావు, కాసేపు ఆగి రా' అని చెప్పినారు. ఎంత సేపు ఆగాల్నో కూడా కింద రాసిండారు. ఎన్ని తూర్లు అడగమన్నావు దాన్ని?"

"నిమిషానికొకసారి."

"పొద్దన్నా?"

"పొద్దూ రాత్రీ."

గౌతమి మంచం మీద వెనక్కు పడి నవ్వింది. "సుమ్మా సుమ్మా, ఊరికూరికే తలుపు తడతా ఉంటే ఎవురికైనా కోవం రాదా? పైగా పేరు గూడా చెప్పలేదు నువ్వు!"

"నేను అడిగింది వాళ్ళ ఆస్తి కాదే, నీళ్ళ సంగతి. అడగడం తప్పా?"

"అడగడం తప్పని ఎవురన్నారు? విన్లేదు నువ్వు. అదే తప్పు."

దాని తల్లికి కూడా నాతో అంత మాట అనే ధైర్యం లేదు. వాళ్ళు తలుపు తీసి కాసేపాగి రమ్మన్నారు. తలుపే తియ్యలేదని నేను లెక్క రాసుకున్నాను. అదీ జరిగింది. అయితే ఆ మాట తలుపు తీసినవాళ్ళు గట్టిగా చెప్పి ఉండాల్సింది. అంకె వేసి ఊరుకుంటే ఎట్లా.

ప్రోగ్రామును దిద్దాం. తెల్లవారుజామున మాత్రమే, అదీ నిదానంగా అడుగుతుంది. ఆగమంటే చెప్పినంత సేపూ ఆగుతుంది. ప్రతి అభ్యర్థన పైన ఎవరు అడుగుతున్నారో రాసే చోటు ఉంది. అక్కడ నా పేరు, ఊరు, ఫోను నంబరు, 'నేతవాళ్ళ కోసం అడుగుతున్నాను' అని పెట్టించాను. పేరు చెప్పకుండా ఒకరి గుమ్మం ముందు నిలబడడం నాకూ ఇష్టం లేదు. ముందే చెప్పి ఉంటే ముందే పెట్టేదాన్ని.

"జవాబు ఏ తేదీదో గూడా చూడాల," అంది గౌతమి. "200 వచ్చినా నిన్నటి మాట అయిండొచ్చు."

మంచి మాట. పెట్టాం.

చివరకు మూడు దారులయ్యాయి. నీళ్ళు లేవు, దించండి. నీళ్ళొస్తున్నాయి, ఎత్తండి. మూడోది, మాట రాలేదు.

"దీనికేం పంపాల?" అంది, టైపు చెయ్యడానికి వేళ్ళు ఎత్తి.

"ఏముంది పంపడానికి?"

"'తెలియదు' అని పెట్టవ్వా. అంతే."

ఊరు మొత్తానికి పంకజమ్మ టీచరు 'తెలియదు' అని పంపాలట! ఆ ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పినదాన్ని.

"తర్వాత రాస్తాను, వదిలెయ్," అన్నాను.

లుంగీలు నాలుగూ గౌతమికే ఇచ్చేశాను, దుప్పట్లకు పనికొస్తాయి. ఆ విధంగా మోహన్‌రాజ్‌కు చెప్పింది నిజమే అయింది.

అక్టోబరు 20

దీపావళి. అమ్మణి ఇంటి నుంచి ప్రతి ఏడూ వచ్చే అరిసెలు, మా వైపు అధిరసాలంటాం, రాలేదు. అరగవు కూడా.

అక్టోబరు 23

ప్రోగ్రాం చక్కగా నడుస్తోంది. రోజూ తెల్లవారి అడుగుతుంది, 200 వస్తుంది, తేదీ సరిపోతుంది, 'నీళ్ళు లేవు' అని గుంపులో పడుతుంది. ఎవరూ బదులు పెట్టరు. సురేంద్రన్ ఒక్కడే ప్రతి మెసేజ్ కింద ఈతకొట్టే మనిషి బొమ్మ పెడతాడు. నా దగ్గర ఏడో తరగతి చదివాడు, భిన్నాలు ఇప్పటికీ రావు.

అమ్మణి గుంపు వదిలి వెళ్ళిపోయిందని ఈరోజే చూశాను. ఏనాడు వెళ్ళిందో వెతకలేదు.

అక్టోబరు 24

ఏడో తేదీనే వెళ్ళింది.

అక్టోబరు 27

మోహన్‌రాజ్ మళ్ళీ.

"ఎవురికోసరం చేస్తా ఉండావమ్మా? ఒకరన్నా చదవతా ఉండారా?"

"చదవకపోతే అది వాళ్ళిష్టం. చెప్పకపోవడం నా ఇష్టం కాదు."

"అమ్మణత్త ముందర నిలబడి ఒక మాట అనేస్తే అయిపోతాది గదా. తప్పయిపోయినాది అని."

"ఏ తప్పు?"

వాడు తల పట్టుకున్నాడు. పట్టుకోనీ. తప్పు ఏదో నాకు తెలుసు, ఎక్కడుందో తెలుసు, దిద్దాను. దిద్దిన తర్వాత మళ్ళీ నోటితో చెప్పడం దేనికి? బళ్ళో కూడా అంతే, లెక్క సరిచేస్తే మార్కులు వేసేదాన్ని, ఏడిస్తే కాదు.

మధ్యాహ్నం వేళ్ళకు పని. ఈ పోగు మంచిది, నలిగినా తెగడం లేదు.

అక్టోబరు 30

మూడో దారి ఇంకా రాయలేదు. అవసరం పడలేదు.

నవంబరు 1

మూడో దారి. రేపు.

నవంబరు 3

నిన్న సాయంత్రం కొండల వైపు మెరుపులు. ఇక్కడ చినుకు లేదు.

తెల్లవారి కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ప్రోగ్రాం వెళ్ళి అడిగింది. జవాబు లేదు. 429 కూడా కాదు. తలుపు తీసే మనిషే లేడు. ఆగి మళ్ళీ అడిగింది. లేదు. మళ్ళీ ఆగింది. చివరికి మూడో దారిలోకి వచ్చింది. అక్కడ నేను ఏమీ రాయలేదు కాబట్టి ఏమీ చెయ్యకుండా నిలబడిపోయింది.

కాఫీ గ్లాసు దూరంగా జరిపాను.

ఇప్పుడు టైపు చేసి పంపొచ్చు. కానీ అమ్మణి గుంపులో లేదు. ఫోను చేస్తే ఎత్తదు. గుంపులో ఉన్నవాళ్ళు చదవరు. చెప్పులు వేసుకున్నాను. మోహన్‌రాజ్ పళ్ళు తోముకుంటూ "యాడికమ్మా?" అన్నాడు. "ఏటికి" అన్నాను. నోట్లో నురగ వల్ల వాడు ఏమన్నాడో నాకు వినపడలేదు.

ఇసుకలో కొయ్యలు పాతేశారు. గంజి బానలు దించారు. అమ్మణి పడుగు ఇంకా చుట్ట మీదే ఉంది. పుష్పవతి కొస విప్పబోతోంది. సురేంద్రన్ అప్పటికే సగం పరిచేశాడు.

"అద్దో, ఆనకట్టే నడిచొస్తా ఉండాది!" అన్నాడు వాడు. "ఏం టీచరమ్మా, నీళ్ళొస్తా ఉండాయా?"

"తెలియదు."

"అయితే రావా?"

"తెలియదు అన్నాను."

"ఇదేం జవాబు! మేం తెలియదంటే గోడకుర్చీ వేయిస్తా ఉంటివి గదా!"

అందరూ నవ్వారు. వేయించాను, నిజమే. నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. కదల్లేదు, తల దించలేదు. అప్పుడు గొంతు పెంచి, క్లాసు చివరి బెంచీకి వినపడేటట్టు చెప్పాను. "పైనుంచి మాట రాలేదు. నీళ్ళొస్తా ఉండాయని నేను చెప్పడం లేదు. రావని చెప్పడం లేదు. మాట రాలేదు. ఆ పొద్దు గూడా మాట రాలేదనే చెప్పుండాల. నీళ్ళొస్తా ఉండాయని చెప్పినాను."

నేను చెప్పిందంతే. మోహన్‌రాజ్ అడిగిన మాట అది కాదు. జరిగినదాన్ని సరిచేసి చెప్పాను.

అమ్మణి ఇంతసేపూ నా ముఖం చూడలేదు, చేతులు చూస్తోంది.

"గోళ్ళలో గంజి ఏందే?"

"ఏం లేదు."

"నా పావు విడదీస్తా ఉండావా?"

"వేళ్ళకు మంచిది, అంతే."

"ఎంత వచ్చినాది?"

"నాలుగోవంతు."

"అంతేనా! ఆ లెక్కన మనిద్దర్నీ ఎత్తుకుపోయే నాటికి గూడా కాదు." పెదవి బిగించి అంది గానీ, బిగింపు నిలవలేదు. "గోటితో చీలుస్తా ఉండావా, పంకజా? గోటితో కాదే, తాటాకు ముక్కతో. మీ నాయన నీకు ఏమీ నేర్పలేదు."

పంకజా అంది. రాసి పెట్టుకుంటున్నాను.

తర్వాత కోడలి వైపు తిరిగింది. "పుష్పా, కొస వదిలెయ్. పావు దింపొద్దు. మాట రాలేదంట."

"అత్తా, ఎండ చూడు, పెళ పెళ కాస్తా ఉండాది!"

"ఎండ చూసి దించేదానికయితే ఇంత కాలం మాట ఎందుకు అడిగితిమి? ఎత్తు."

ఇంకో ఇద్దరు కూడా అమ్మణిని చూసి ఎత్తేశారు. సురేంద్రన్ ఎత్తలేదు.

నీళ్ళు రాలేదు. మధ్యాహ్నానికి సురేంద్రన్ ఎండిన పడుగు భుజాన వేసుకుని, మా అంగడి ముందు నుంచే, కావాలని ఈలవేస్తూ వెళ్ళాడు. వెళ్ళనీ. నీళ్ళు రాకపోయినా నేను చెప్పింది తప్పు కాదు. చుట్ట మీది పడుగులకు ఏమీ కాలేదు, రేపు పరుచుకుంటారు.

మూడో దారి రాసేశాను. 'మాట రాలేదు. తెలియదు. పంకజమ్మ.' పేరు పెట్టక్కర్లేదని గౌతమి ఫోనులో అంది. పెట్టాను.

నవంబరు 4

తెల్లవారి లాప్‌టాప్ తెరవక ముందే ఫోను మోగింది.

"పంకజా, మాట వచ్చినాదా?"

"ఆగు, చూసి చెప్తా," అన్నాను. అన్న కూడా ఆగమనేవాడు. ఏరు చూడకుండా ఏనాడూ చెప్పలేదు.

ప్రోగ్రాం వెళ్ళి, పేరు చెప్పి, అడిగింది. 200. తేదీ చూశాను. ఈరోజుదే. మట్టం నిలకడగా ఉంది. ఒకటికి రెండుసార్లు చదివాను. అమ్మణి అవతల గంజి కలుపుతున్న చప్పుడు వినపడుతోంది. పెట్టెయ్యలేదు, ఆగింది.

"ఇసక పొడిగా ఉండాది," అన్నాను. "దించండి."

అవతల గంజి గరిట ఆగింది. తర్వాత "సరి" అని పెట్టేసింది.

మధ్యాహ్నం అమ్మణి మేడ గదికి వచ్చింది, చేతిలో తాటాకు ముక్కలు. పడుగు రెండో కొస పట్టుకుని, ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది. నా పని చూసి నాలుగుసార్లు తిట్టింది. మూడుసార్లు న్యాయంగా.

మోహన్‌రాజ్ పైకి వచ్చి గడపలో నిలబడ్డాడు. బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. దాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, ఏమీ అనకుండా దిగిపోయాడు.

ఒప్పుకున్నాడని రాసుకోవడం లేదు. ఒప్పుకోలేదనీ రాయను. ఏమీ అనలేదు.